ఇంఫాలు దారిలో ఆజ్ఞ యెవరిది?

హైదరాబాదు నగరమునకు పడమటగా, టోలీచౌకీనుండి రాయదుర్గము మీదుగా హైటెక్ సిటీకి పోవు ప్రాంతమున హజ్రత్ హుస్సేన్ షావలి దర్గా కలదు. 16వ శతాబ్దమున హుస్సేన్ సాగరు తటాకమును నిర్మింపించిన మహనీయుని సమాధి యది. ఇప్పుడా చుట్టుపట్ల అద్దాల మేడలు లేచినవి. గణకయంత్రముల కొలువులకై వేలకొలది యువజనులు రేయనక పగలనక వాహనములలో ఆ మార్గమున పరుగులిడుచున్నారు. ఈ దర్గా పరిసరముననే సురయ్యా హసన్ బోస్ అను విదుషీమణి హిమ్రూ, మష్రూ, పైఠనీ మగ్గములను నిలిపి, దిక్కులేని స్త్రీలకు నేతపని నేర్పి, పిల్లల కొక బడిని నడపిరి. ఆమె 2021లో కాలధర్మము నొందిరి. ఆ బడికి పెట్టిన పేరు సఫ్రానీ. అది ఆమె తండ్రితోడ బుట్టిన ఆబిద్ హసన్ సఫ్రానీగారి పేరు. ఆ మార్గమున పోవువారిలో ఆ పేరు వెనుక నున్న కథ తెలిసినవా రెందఱో నేను చెప్పజాలను.

సఫ్రానీగారు హైదరాబాదీయులు. యౌవనమున సబర్మతి ఆశ్రమమును సేవించినవారు. పిమ్మట యంత్రశాస్త్రము నభ్యసింప జర్మనీకి పోయినవారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున సుభాస్ చంద్ర బోసు బెర్లిను చేరగా, చదువు కట్టిపెట్టి ఆయనకు కార్యదర్శులైరి. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవునుండి జర్మను జలాంతర్గామిలో బోసుగారితో బయలుదేఱిన భారతీయుడు వీరొక్కరే. మడగాస్కరు సమీపమున ఏప్రిల్ చివర, అలలు పోటెత్తుచుండగా, ఇరువురును రబ్బరు తెప్పపై నొక జలాంతర్గామినుండి వేఱొక జపాను జలాంతర్గామిలోనికి మాఱి మే మాసారంభమున సుమత్రా చెంత నున్న సబాంగు దిగిరి.

మన మీనాడు సభలలో పలుకు "జై హింద్" అను పలుకుబడి ఈయన కల్పించినదే. దాని పుట్టుక యొక చిన్న ఆజ్ఞాసమస్య. జర్మనీలో కూర్చిన భారతీయ పటాలమున హిందువు, ముసల్మాను, సిక్కు ఒకే దళమున నుండవలెనని బోసుగారి పట్టు. వారు ఒకరినొకరు పలుకరించుకొనుట యెట్లు? ఒకరు రామునితో మొదలిడిన మఱొకరు సలామనుచుండిరి. ఎవరి మతమును నొప్పింపక యందఱి నోటను పలుకదగిన మాటకై వెదకి వెదకి, ఆబిద్ హసను గారు దీనిని కుదిర్చిరి. ఈ చిన్న చిక్కును తీర్చుట వారికి సాధ్యమైనది. పెద్ద చిక్కొకటి బర్మా అడవులలో వారికై కాచుకొని యుండెను. ఈ వ్యాసమున చెప్పదలచినది దానిని గూర్చియే.

1944లో ఆజాద్ హింద్ సేన ఇంఫాలుపై సాగించిన దండయాత్రను గూర్చి మనవారిలో రెండు వాడుక మాటలు గలవు. జపానువారు నమ్మించి ముంచిరని కొందఱు. మనవారికి యుద్ధము చేతకాలేదని కొందఱు. రెండును తేలిక మాటలే. అచట జరిగినది తెలియవలెనన్న తుపాకులకంటె ముందుగా బియ్యపు మూటల లెక్క చూడవలెను.

మొదట ఆ దండయాత్రయే యెట్లు పుట్టినదో తెలియవలెను. 1942లో బర్మాను జయించిన పిమ్మట అస్సామునకు నడువవలయునని జపాను ప్రధానశిబిరమున నొక యోచన పొడమెను. 18వ విభాగమునకు నాయకుడైన ముతగుచి సేనాని ఆ కొండలలో, ఆ యడవులలో పెద్ద సేన నడువజాలదని దానిని త్రోసిపుచ్చెను. మఱుసటి యేట ఫిబ్రవరిలో ఆర్డ్ వింగేట్ అను ఆంగ్లేయ సేనాని సుమారు 3,000 మందితో చింద్విన్ నదిని దాటి, కంచరగాడిదలపై సామాను వేసికొని, విమానములు జారవిడుచు ఆహారముతో శత్రువు వెన్నున తిరుగాడి వచ్చెను. తిరిగి వచ్చినవారు 2,182 మంది. వారిలో మఱల యుద్ధమునకు పనికివచ్చినవారు 600 మంది మాత్రమే. నడువలేని క్షతగాత్రులను అడవిలోనే విడిచి రావలసివచ్చెను. యుద్ధలాభము చూచిన నది స్వల్పము. కాని ముతగుచి మనసున మాత్రమది విత్తనమువలె పడినది. "వారు నడువగా లేనిది మేమేల నడువలేము?" అను తలంపుతో మునుపు తాను కాదన్న దానికే పట్టుపట్టెను. వింగేటు సేనకు బియ్యము ఆకాశమునుండి వచ్చెననియు, తనకట్టి యాకాశము లేదనియు నతడు పట్టించుకొనలేదు.

అభ్యంతరము చెప్పినవారు లేకపోలేదు. ముతగుచికి కార్యాలయ ప్రధానుడైన ఒబతా యను నధికారి, సరఫరా విద్యలో నారితేరినవాడు, ఈ దారిలో తిండి చేరవేయుట పొసగదని వాదించెను. కొలదివారములలోనే యతనిని పదవినుండి తొలగించిరి. 15, 31, 33వ విభాగముల నాయకులు మువ్వురికిని ఈ యోచనపై నమ్మకము లేకుండెను. ముతగుచి మూడువారముల తిండి చాలుననెను. ఆలోపల ఇంఫాలు చిక్కును, ఆంగ్లేయుల కోష్ఠాగారములే మనకు కోష్ఠాగారములనెను. పశువుల మందలను వెంట తోలుకొనిపోయి మోతకు వాడుకొని, పిదప కోసికొని తినవచ్చునని మంగోలు చక్రవర్తి చెంఘిజ్ ఖానును ఉదాహరించెను. ఆ పశువులలో పెక్కులు చింద్విన్ దాటుటలోనే కొట్టుకొనిపోయినవి. తక్కినవి కొండయెక్కలేక కూలినవి. 1944 జనవరి 7వ తేదీన తోక్యో అనుమతి నిచ్చినది. ప్రధాని తోజో స్నానపుతొట్టిలో నుండియే కొన్ని ప్రశ్నలడిగి, తలుపు చాటునుండి సరే యనెనని చెప్పుదురు. ఎనుబదివేల మంది బ్రదుకు ఆ వేడినీటి తొట్టిలో తేలినదన్నమాట.

ఆ జనవరిలోనే బోసుగారు తమ ప్రధానకార్యాలయమును సింగపూరునుండి రంగూనునకు మార్చిరి. రంగూను మన తెలుగువారికి పరాయి యూరు కాదు. కోరంగి రేవున నోడలెక్కి పోయినందున బర్మావారు మన కూలివారిని "కోరంగీ"లనిరి. రేవులో బరువులు దింపినది, బియ్యపు మరలలో బస్తాలు మోసినది వారే. 1942లో జపాను బాంబులు పడగా, లక్షలకొలది భారతీయులు కాలినడకను స్వదేశమునకు మరలిరి; కలేవా, తము, పలేల్ మీదుగా ఇంఫాలునకు వచ్చినవా రనేకులు. వానకాలమున నా దారి మనుష్యుల నేమి చేయునో, కలరా, జ్వరము, ఆకలి యెట్లు వెంటబడునో మన కోస్తా గ్రామములలో వచ్చి చేరినవారు చెప్పినారు. రెండేండ్ల తరువాత ఆజాద్ హింద్ సేన నడువవలసినది అదే దారి, ఎదురుదిశగా. ఆ కూలిజనుల యనుభవము నేసేనాని యోచనలోను చోటుచేసికొన్నట్లు కనబడదు.

ఇక వివాదము. జపాను దక్షిణసేనాధిపతియైన తెరౌచి, భారతీయ సేన యుద్ధమునకు పనికిరాదనియు, ఓడి చెఱపడినవారికి ధైర్యముండదనియు, జపానీయుల కష్టసహిష్ణుత వారికి రాదనియు బోసుగారి మొగముననే పలికెను. సేన సింగపూరున నుండవచ్చును. గూఢచర్యమునకు, ప్రచారమునకు కొందఱిని పంపిన చాలును. బోసుగారు దీని కంగీకరింపలేదు. భారతభూమిపై చిందు మొదటి రక్తబిందువు ఆజాద్ హింద్ సైనికునిదే కావలెనని పట్టుపట్టిరి. అన్యుల చేతులమీదుగా వచ్చు స్వాతంత్ర్యము దాస్యముకంటె నీచమని వారి తలంపు. 1942 డిసెంబరులోనే ఈ యధికార వివాదమునకై మొదటి సేనానాయకుడు మోహన్ సింగును జపానువారు నిర్బంధింపగా, సేన చెదరిపోయి యుండెను. ఆ గాయ మింకను మానలేదు.

తుదకొక రాజీ కుదిరెను. షా నవాజ్ ఖాన్ నడపు సుభాస్ దళమును, సుమారు 3,000 మందిని, పరీక్షార్థము పంపవలెను. వారు నిలిచినయెడల తక్కినవారికిని పిలుపు వచ్చును. రంగూనున బర్మా సేనాధిపతి కవాబేతో బోసుగారు మఱికొన్ని షరతులు వ్రాయించుకొనిరి. మన సైనికులను చిన్నచిన్న ముక్కలుగ చేసి జపాను దళములలో కలుపరాదు. వారికి ప్రత్యేకమైన రంగము నీయవలెను. వారిపై మన సైనికన్యాయమేగాని జపానువారి న్యాయము చెల్లరాదు. జయించిన భూమిని మన తాత్కాలికప్రభుత్వమున కప్పగింపవలెను. దానిపై త్రివర్ణపతాకమే యెగురవలెను. సమానపదవిలోనున్న యిరుపక్షములవారు ఎదురుపడిన, ఎవరు ముందు సలాము చేయవలెనన్నదియు చర్చకు వచ్చి, ఇద్దరు నొకేసారి చేయునట్లు తీర్మానమయ్యెను. యుద్ధసహకార సంఘమున కొక జపానీయుడే అధ్యక్షుడు కావలెననగా బోసుగారు దానిని త్రోసివేసిరి.

ఈ పట్టుదలలను చూచి నవ్వువారు గలరు. నేను నవ్వను. రెండువందల యేండ్లు పరుల కెదుట చేతులు కట్టుకొని నిలిచిన జాతికి, సలాము చేయువేళ యెవరి చేయి ముందు లేచునన్నది అల్పవిషయము కాదు. కాని గృహము నడపు మా సోదరీమణులకు వెంటనే తట్టు ప్రశ్న యొకటి ఆ షరతులలో నెచ్చటను లేదు: వంటయింటి తాళపుచెవి యెవరి కొంగున నున్నది? వేఱుకాపురము పెట్టినామని చాటి, ప్రతిదినమును అన్నగారి గాదెనుండి కుంచెడు బియ్యము తెచ్చుకొను తమ్ముని స్వతంత్రమెంత? మన సేనకు తనదైన బండ్లు లేవు, కంచరగాడిదలు లేవు, విమానములు లేవు, మందులు లేవు. బియ్యము, ఉప్పు, క్వినీను, అన్నియు హికారీ కికాన్ అను జపాను సంబంధకార్యాలయము ద్వారా రావలెను. రెండు వైపుల సేనలకు నడుమ నుండుటయే ఆ కార్యాలయము పని. తన చేతిలో బియ్యము లేనిదే అదియు చేయగలిగిన దేమి?

ఫలితము ఫిబ్రవరిలోనే కనబడెను. సుభాస్ దళములో నొక పటాలము అరకాను వైపు పోయెను. అది మంచిగనే పోరాడి, మే మాసమున సరిహద్దు దాటి మౌదోకు అను కావలిస్థలమును పట్టుకొని, సూరజ్ మల్ అను నధికారి క్రింద కొన్నినెలలు నిలిచెను. తక్కిన రెండు పటాలములను చిన్ కొండలలో హాకా, ఫలాము కావలికి పంపిరి. ప్రత్యేకరంగ మడిగిరి గదా, ప్రత్యేకరంగమే యిచ్చిరి; కాని యది ప్రధానయుద్ధమునకు దూరమైన మూల. తిండి కొండక్రింది స్థావరమునుండి దినములకొలది నడిచి వీపుపై మోసికొని రావలెను. యుద్ధమునకని బయలుదేఱినవారిలో పెద్దభాగము మోతగాండ్రైరి, బాటలు చదును చేయువారైరి. కప్పుకొన చాలిన దుప్పట్లు లేవు, దోమతెరలు లేవు. "మమ్మును నిజమైన పోరునకు పంపుడు" అని షా నవాజు మొఱపెట్టుకొనుచుండగా మలేరియా తన పని తాను చేసికొనిపోయెను. మే నెలలో కోహిమాకు కదలుడని యాజ్ఞ వచ్చినది. వారు ఉఖ్రూలు చేరునప్పటికి జపానువారు కోహిమానుండి మరలుచుండిరి.

గాంధీదళము కథ యింతకన్న నొచ్చుకొనదగినది. ఇనాయత్ కియానీ నాయకత్వమున వారు చింద్విన్ చేరగనే, "ఇంఫాలు నేడో రేపో పడును, మీరాలసించిన ప్రవేశోత్సవమునకు కూడ అందరు, బరువులన్నియు ఇచటనే విడిచి పరుగున రండు" అన్న కబురు జపానువారినుండి వచ్చెను. యంత్రపు తుపాకులు, సామానులు కలేవాలోనే దింపి, తలకొక దుప్పటి, తుపాకి, ఏబది తూటాలతో కొండలెక్కిరి. మే 2వ తేది రాత్రి సుమారు 300 మంది పలేలు విమానాశ్రయముపై దాడి వెడలిరి. అటు నున్నవారును భారతీయ సైనికులే. పిలిచిన వత్తురను నాశ యుండెను. వారు రాలేదు, గుండ్లు వచ్చినవి. త్రవ్వుకొని దాగుటకైనను పనిముట్లు వెనుక విడిచి వచ్చిన యీ సైనికులు పగటివెలుతురులో ఫిరంగులకు చిక్కిరి.

ఇచట బోసుగారి బాధ్యతను దాచుట న్యాయము కాదు. ఆ మహాపురుషుని త్యాగమునకు చేతులు జోడించుచునే చెప్పుచున్నాను. సరిహద్దు దాటి త్రివర్ణపతాక మెత్తిన చాలును, ఆంగ్లేయుల క్రింది భారతీయ పటాలములు తిరుగబడి వచ్చి కలియును, బెంగాలు లేచును. ఇది వారి యోచనకు మూలస్తంభము. అందువలననే ముతగుచి మూడువారముల లెక్కను వారును నమ్మిరి. విడుదలయగు ప్రదేశముల కధిపతిగ చటర్జీ సేనానిని ముందుగనే నియమించిరి. ఏప్రిల్ 14న మోయిరాంగున షౌకత్ మాలిక్ పతాక మెత్తెను. ఆ మోయిరాంగు ఇంఫాలునకు ముప్పది మైళ్లలోపే. పతాకము వచ్చినది, బియ్యము రాలేదు. పరిపాలనకు అధికారిని ముందుగ నిలిపినవారు సరఫరాకు నొకని నిలిపి, అతడు "పోరాదు" అన్ననాడు వినియుండిన, ఎన్ని ప్రాణములు నిలిచెడివో!

ఎదుటిపక్షమున వివాదములు లేకపోలేదు. వింగేటునకు కుడియెడమల శత్రువులే. చర్చిలుగారి యాదరముతో 1943 ఆగస్టున క్విబెక్ సభకు పోయి తన యోచన నెగ్గించుకొనెను. ఢిల్లీలోని ఔకిన్లెక్ సేనాధిపతి, పరీక్షకు నిలిచిన 70వ విభాగమును దీనికై ముక్కలు చేయుట తగదన్నను వినలేదు. 1944 మార్చి 5న వేలకొలది సైనికులు శత్రువు వెనుక దిగుట కారంభించిరి. 24న వింగేటు విమానము కొండను గ్రుద్దుకొని యతడు మరణించెను. మే నెలలో నా సేన అమెరికా సేనాని స్టిల్వెల్ చేతికి పోయెను. ఆంగ్లేయులన్న అతనికి గిట్టదు. తేలికదాడులకు కూర్చిన దళములను కోటలవంటి స్థానములపై మోదించెను. మొగాంగును కాల్వర్ట్ అను నతని దళము రక్తము ధారవోసి జూన్ 26న పట్టుకొనగా, చీనావారు పట్టుకొనిరని రేడియో చాటినది. ఒక దళమున 2,200 మందిని వైద్యులు పరీక్షింపగా 118 మంది మాత్రమే పనికివచ్చువారుగ తేలిరి. ఐనను ఈ తగవులకును ఇంఫాలు తగవునకును నొక భేదము కలదు. స్లిమ్ సేనాని క్రింద ముట్టడిలోనున్న ఇంఫాలునకు దినదినము విమానములు బియ్యము, పిండి, మందులు దింపి, క్షతగాత్రులను తీసికొనిపోయినవి. అరకానునుండి యొక విభాగమునే ఆకాశమార్గమున తెచ్చిరి. కడుపు నిండిన సేన తన నాయకుల కలహమును తట్టుకొని నిలువగలదు.

జపాను శిబిరమున తిండి లేమియే తిరుగుబాటైనది. కోహిమాను పట్టిన 31వ విభాగనాయకుడు సతో, రెండునెలలుగా నొక్క బియ్యపుగింజ రాలేదని తంతులపై తంతులు పంపి, తుదకు మే 31న ఆజ్ఞ లేకయే తన సేనను మరలించుకొనెను. జపాను సేనాచరిత్రమున విననిది. సైనికన్యాయసభ యెదుట నిలిచి సత్యము చెప్పుదునని యతడు కోరగా, మతి చలించినదని వ్రాసి సభయే లేకుండ చేసిరి. మూడు విభాగముల నాయకులును ఆ వేసవిలో పదవులు కోల్పోయిరి. జూన్ మొదటివారమున కవాబే వచ్చి ముతగుచిని చూచెను. ఇద్దఱికిని మరలుట తప్పదని తెలియును. "మరలుదము" అను మాట యెవని నోట ముందు వచ్చిన వానిపై నపకీర్తి. కావున ఇద్దఱును మొగమొగములు చూచుకొని, ఆ మాట యనకయే విడిపోయిరి. సలామునందువలె నిచట నిద్దఱు నొకేసారి పలుకు నేర్పాటు లేకపోయెను. ఆజ్ఞ జూలైలో గాని వెలువడలేదు. నడుమ గడచినది ఇంఫాలు కొండల వానకాలములో నొక నెల.

ముందుకు పోయిన 6,000 మంది మనవారిలో మరలివచ్చినవారు 2,600; అందు 2,000 మందిని నేరుగ ఆసుపత్రులకు చేర్చవలసివచ్చెను. పోరున మడిసినవారు సుమారు 400. ఆకలికిని రోగమునకును బలియైనవారు సుమారు 1,500. లొంగిపోయినవారు 800, పాఱిపోయినవారు 715. ఈ లెక్కలో ప్రతిసంఖ్యను జాగ్రత్తగా చదువవలెను. తుపాకి చంపినదానికి నాలుగింతల మందిని వట్టికడుపు చంపినది. పాఱిపోయినవారిని తిట్టుట సులభము. అడవిగడ్డి యుడికించుకొని తిని నడచిన రెండువేల చిల్లర మందిని మొదట లెక్కింపుడు.

ఆ నడకను చూచినవారిలో సఫ్రానీగారొకరు. 1971లో వారు కలకత్తాలో నిచ్చిన ఉపన్యాసమున ఇంఫాలునుండి మరలిన యా మనుష్యులను తలచుకొనిరి. బలూచీలు, అస్సామీయులు, కాశ్మీరులు, మలయాళీలు, సిక్కులు, పఠానులు చిన్నదళములలో సైతము విడదీయరాని విధమున కలిసిరనియు, యుద్ధజాతులని పేరుపడినవారును, ఆ పేరు నోచుకొననివారును ఒకరి నొకరు మోసికొని నడచిరనియు వారి సాక్ష్యము. ఇది మనకు సంబంధించిన మాట. ఒకప్పుడు ఉత్తరహిందూస్థానమున సిపాయికి "తిలంగా" యనియే పేరు. కుంఫిణీ పటాలములలో తెలుగువా రంత విరివిగా నుండిరి. పిమ్మట ఆంగ్లేయులు యుద్ధజాతులను సిద్ధాంతమును లేవదీసి మనవారిని సేనలోనికి తీసికొనుట మానిరి. మలయా తోటల కూలివారు, రంగూను రేవువారు తుపాకి పట్టగలరా యని వెక్కిరించినవారికి ఆజాద్ హింద్ సేన బదులు చెప్పినది. ఒకే పంక్తిని భుజించుటయు అచట నియమమే. మన యిండ్లలో ఆ సంస్కారమునకై మనమెన్ని వ్యాసములు వ్రాసితిమి, ఎందఱము ఆచరించితిమి! అచట తినుటకేమియు లేనినాడును పంక్తి చెడలేదు.

1945 ఆగస్టున జపాను లొంగిపోయినది. బోసుగారు తమవారితో సైగాను చేరిరి. సఫ్రానీగారును వెంట నున్నారు. అందఱును గలిసి పోవుటకొక విమానము కావలెనని కోరిరి. జపానువారు కూర్చుండుటకు ఒకే చోటు కలదనిరి. ఎంతయో వాదించినమీదట రెండవ చోటొకటి యిచ్చిరి. ఆ చోట హబీబుర్ రహ్మాను కూర్చుండెను. 17వ తేది సాయంకాలమా విమానము లేచిపోయినది. మఱునాడు తైహోకున కూలినది. షరతులన్నియు వ్రాయించుకొని, సలాముకు సమానత సాధించిన తాత్కాలికప్రభుత్వపు పెద్దలు నలుగురైదుగురు సైగాను నేలపై నిలిచి చూచుచుండిరి. వారిలో ఆబిద్ హసను గారొకరు. తరువాత చెఱసాల, 1948 మొదలు విదేశాంగశాఖలో కొలువు, డెన్మార్కున రాయబారిపదవి, 1969లో విశ్రాంతి, హైదరాబాదునకు మరలిరాక, 1984లో మరణము. దర్గా చెంత ఆయన సంపాదించుకొన్న నేలపైననే సురయ్యాగారు పిదప తమ మగ్గములను నిలిపిరి.